పెద్దపేగు క్యాన్సర్: రోగులు, ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నాన్నకి పెద్దపేగు చివరి భాగంలో, అంటే రెక్టమ్‌లో క్యాన్సర్ అని తేలిన రోజు నుంచి నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఆ తర్వాత తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేయడం మొదలైంది. మనుషులు మారతారు, ప్రశ్నలు మాత్రం అవే. చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు. ఈ జబ్బు గురించి మాట్లాడాలంటే మలం గురించి, గ్యాస్ గురించి, లోదుస్తుల మీద మరకల గురించి మాట్లాడాలి మరి. ఆ మొహమాటంతోనే డాక్టర్‌కి చెప్పాల్సినవి కూడా దాచేస్తారు. అందుకే ఇక్కడ ఏదీ దాచకుండా రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నేను డాక్టర్‌ని కాను. మందు ఎంత వాడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మీ డాక్టర్ చెప్పాల్సిందే.

## రిపోర్ట్ చేతికొచ్చిన రోజుల్లో

"ఆర్నెల్లు పైల్స్ అనుకుని మందులు వాడాం. మావల్లే ముదిరిందా?"

ఈ ప్రశ్న అడగని ఇల్లు నాకింతవరకు తగల్లేదు. పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా పాలిప్ అనే చిన్న కండగా మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. కాబట్టి జబ్బు పుట్టింది ఈ ఆర్నెల్లలో కాదు. పైల్స్‌కీ దీనికీ రక్తం ఒకేలా పడుతుంది, చూసి తేడా చెప్పడం ఎవరివల్లా కాదు. ఆ బరువు మోయకండి. ఇంకా పరీక్ష చేయించుకోనివాళ్లు మాత్రం ఇది గుర్తుంచుకోవాలి: మలంలో రక్తం, వారాలు గడిచినా సర్దుకోని మోషన్ తేడా, కారణం తెలియని రక్తహీనత, వీటిలో ఏది ఉన్నా, వయసు ఎంతైనా, కొలనోస్కోపీ (మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి అడగండి.

"స్టేజ్ 3 అని రాశారు. అంటే చేయి దాటిపోయినట్టేనా?"

కాదు. పేగు గోడ లోపలే ఉంటే స్టేజ్ 1. గోడంతా దాటినా లింఫ్ గ్రంథులకు చేరకపోతే స్టేజ్ 2. దగ్గర్లోని లింఫ్ గ్రంథుల్లోకి వస్తే స్టేజ్ 3. లివర్, ఊపిరితిత్తులు, పొట్ట లోపలి పొర లాంటి దూరపు చోట్లకు వెళ్తే స్టేజ్ 4. స్టేజ్ 3కి కూడా పూర్తిగా నయం చేయాలనే ఉద్దేశంతోనే వైద్యం మొదలుపెడతారు. స్కాన్ చూసి చెప్పే స్టేజ్ ఒక అంచనా. ఆపరేషన్‌లో తీసిన పేగును ల్యాబ్‌లో పరీక్షించాక అది మారొచ్చు. ఆ రిపోర్ట్‌లో ఎన్ని లింఫ్ గ్రంథులు చూశారో ఉంటుంది. కనీసం 12 చూడాలన్నది ప్రమాణం. ఆ సంఖ్య ఎంతో మీరే అడిగి తెలుసుకోండి.

"బయాప్సీ చేస్తే, కత్తి తగిలితే పాకిపోతుందంటున్నారు బంధువులు. నిజమేనా?"

ఆ భయంతో బయాప్సీ మానుకోవాల్సిన అవసరం లేదు. కొలనోస్కోపీలో తీసే ముక్క బియ్యపు గింజ కంటే చిన్నది. అది లేకుండా ఏ రకం క్యాన్సరో తెలియదు, తెలియకుండా మందు ఇవ్వలేరు. పొట్ట తెరిచి చూశాక జబ్బు అనుకున్నదానికంటే ఎక్కువ ఉందని తెలిసిన సందర్భాలు ఉంటాయి. వాటి నుంచే ఈ మాట పుట్టి ఉంటుందని నాకనిపిస్తుంది.

"ఎంఎస్‌ఐ, కేరాస్ అని ఏవేవో పరీక్షలు రాశారు. ఇవన్నీ అవసరమా?"

అవసరమే. ఒకే పేరున్న జబ్బైనా గడ్డ స్వభావం మనిషికీ మనిషికీ వేరు. ఎంఎంఆర్ లేదా ఎంఎస్‌ఐ అనే పరీక్ష, కణాల్లో డీఎన్‌ఏ తప్పులు దిద్దుకునే వ్యవస్థ పనిచేస్తోందో లేదో చెబుతుంది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో నూటికి సుమారు 15 మందికి అది దెబ్బతిని ఉంటుంది. అలాంటివాళ్లకి ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే వైద్యం, బాగా పనిచేస్తుంది. 2022లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో ఇలాంటి రెక్టమ్ క్యాన్సర్ ఉన్న 12 మందికి డొస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే, అందరిలోనూ గడ్డ కనపడకుండా పోయింది. ఆపరేషన్ అవసరం పడలేదు. కేరాస్, ఎన్‌రాస్ పరీక్షలు ముఖ్యంగా స్టేజ్ 4లో చూస్తారు. ఆ జన్యువుల్లో మార్పు ఉంటే సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ లాంటి మందులు సాధారణంగా పనిచేయవు. పని చేయని మందు ఎక్కించుకునే బాధ ఈ పరీక్షతో తప్పుతుంది.

"నాన్నకి విషయం చెప్పాలా, దాచాలా?"

మేం దాచాం. పదకొండు రోజులు. పేగులో పుండు అన్నాం. ఫైలు నా బ్యాగ్‌లోనే పెట్టుకుని తిరిగాను. మొదటి అపాయింట్‌మెంట్ రోజు కారిడార్‌లో కూర్చుని ఆయన ఎదురుగా ఉన్న బోర్డు చదివి, "నాకు తెలుసురా. మీరు బాధపడతారని అడగలేదు" అన్నారు. మేం ఆయన్ని కాపాడుతున్నామనుకున్న పదకొండు రోజులూ ఆయన ఒంటరిగా భయపడ్డారు.

ఇది ఇల్లు, మనిషి చూసి తేల్చుకోవాల్సిన విషయమే. కానీ ఆపరేషన్, స్టోమా (మలం బయటికి రావడానికి పొట్ట మీద చేసే దారి), నెలల తరబడి కీమో ఉన్న జబ్బులో ఒంటి మీద ఏం జరుగుతోందో ఆ మనిషికే తెలియకపోతే వైద్యం సాగదు. "మీకెంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడగండి. కొందరు అన్నీ కావాలంటారు, కొందరు "నువ్వే చూసుకో" అంటారు. ఏది చెప్పినా ఆ నిర్ణయం వాళ్లది అవుతుంది.

## ఆపరేషన్, రేడియేషన్, స్టోమా

"పక్క బెడ్ ఆయనకి నేరుగా ఆపరేషన్ చేశారు. మాకు ముందు రేడియేషన్ అంటున్నారు. ఎందుకీ తేడా?"

బహుశా ఆయనది పైన కోలన్‌లో, అంటే రెక్టమ్ కాని మిగతా పెద్దపేగులో, మీది రెక్టమ్‌లో అయి ఉంటుంది. రెక్టమ్ కటి ఎముకల మధ్య ఇరుకులో ఉంటుంది. చుట్టూ మూత్రాశయం, నరాలు. అందుకే ఎంఆర్‌ఐ చూసి, అవసరమనుకుంటే గడ్డను ముందు రేడియేషన్‌తో, కీమోతో తగ్గిస్తారు. రేడియేషన్ రెండు రకాలు: ఐదు రోజుల్లో ఐదు సిట్టింగులతో ముగిసేది ఒకటి, మాత్రల కీమోతో కలిపి ఐదారు వారాల్లో 25 నుంచి 28 సిట్టింగులు ఇచ్చేది ఇంకొకటి.

కొందరిలో గడ్డ పూర్తిగా కరిగిపోతుంది. అలాంటివాళ్లకి ఆపరేషన్ చేయకుండా దగ్గరగా గమనిస్తూ ఉండే పద్ధతి ఇప్పుడు చాలాచోట్ల ఉంది. బ్రెజిల్‌కు చెందిన సర్జన్ ఆంజెలిటా హాబర్ గామా 2004లో ప్రచురించిన ఫలితాలతో దానికి బలం వచ్చింది. ఆ దారి ఎంచుకుంటే మొదటి రెండు మూడేళ్లు ఒక్క పరీక్ష కూడా మానకూడదు.

ఇకముందు పిల్లలు కావాలనుకునే వయసులో ఉంటే, రేడియేషన్, కీమో మొదలవకముందే వీర్యం లేదా అండాలు భద్రపరచడం గురించి అడగండి. డాక్టర్ హడావిడిలో ఆ మాట ఎత్తకపోవచ్చు. కటి భాగానికి రేడియేషన్ ఇచ్చాక అండాశయాలు పనిచేయడం ఆగిపోవచ్చు.

"పొట్ట మీద బ్యాగ్ పెడతామంటున్నారు. జీవితాంతం ఉంటుందా?"

అందరికీ కాదు. రెక్టమ్‌లో పేగును కోసి కుట్టినచోట గాయం మానేదాకా, చిన్నపేగు కొసను తాత్కాలికంగా పొట్ట మీదికి తెస్తారు. దాన్ని ఇలియోస్టమీ అంటారు. కొన్ని నెలల తర్వాత, ఒక్కోసారి కీమో మొత్తం అయ్యాక, మూసేస్తారు. గడ్డ మలద్వారానికి మరీ దగ్గరగా ఉండి, మలాన్ని ఆపే కండరాన్ని కూడా తీసేయాల్సి వస్తే పెద్దపేగుతో చేసే కొలోస్టమీ శాశ్వతంగా ఉంటుంది. కోలన్ పై భాగంలో గడ్డ ఉన్న చాలామందికి బ్యాగ్ అవసరమే రాదు. ఆపరేషన్‌కి ముందే స్టోమా ఎక్కడ పెట్టాలో నర్సు చేత గుర్తు పెట్టించండి. కూర్చుని, నిలబడి, వంగి, బెల్టు ఎక్కడ పడుతుందో చూసి పెట్టిన గుర్తు తర్వాత చాలా బాధ తప్పిస్తుంది.

"బ్యాగ్ మార్చడం మావల్ల అవుతుందా? చూడ్డానికే భయంగా ఉంది."

అవుతుంది. మొదటిసారి నాకు ముప్పావు గంట పట్టింది, చేతులు వణికాయి. నెల తిరిగేసరికి నాన్నే పది నిమిషాల్లో మార్చేసుకునేవారు.

స్టోమా చూడ్డానికి పెదవి లోపలి భాగంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. అప్పుడప్పుడు దానంతటదే కదులుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. దాన్ని ముట్టుకుంటే నొప్పి తెలియదు, తుడిచినప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం రావడం మామూలే. పొద్దున్నే, ఏమీ తినకముందు మార్చండి. అప్పుడు బయటికి వచ్చేది తక్కువగా ఉంటుంది. పాత ప్లేటును, అంటే బ్యాగ్‌ని చర్మానికి అతికించే భాగాన్ని, లాగకండి. ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టుకుని రెండో చేత్తో పైనుంచి కిందికి నెమ్మదిగా ఊడదీయండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. క్రీము, నూనె, జిడ్డుగా ఉండే సబ్బు వద్దు, ప్లేటు అతుక్కోదు. కొత్త ప్లేటుకు రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించాలి. అతికించాక అరచెయ్యి దాని మీద రెండు నిమిషాలు ఆనించి ఉంచండి, ఆ వెచ్చదనానికి బాగా పట్టుకుంటుంది. ఈ చిన్న పని మేం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాం. అప్పటిదాకా వారానికి రెండు రాత్రులు దుప్పట్లు మార్చాల్సి వచ్చేది.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు స్టోమా వాపు తగ్గుతూ ఉంటుంది, ప్రతి వారం కొలవండి. చుట్టూ చర్మం మండుతోందంటే ఎక్కువగా రంధ్రం పెద్దదై లీకవుతోందనే అర్థం. స్టోమా ఊదారంగులోకి, నలుపులోకి మారితే ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి వెళ్లాలి.

"నలుగురిలోకి వెళ్తే వాసన వస్తుందా?"

సరిగ్గా అతికిన బ్యాగ్ నుంచి వాసన బయటికి రాదు. వస్తోందంటే ఎక్కడో లీక్ ఉంది, చూసుకోండి. బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చేయడం అలవాటు చేసుకోండి. నిండుగా ఉంటే బరువుకి ప్లేటు ఊడుతుంది. బయటికి వెళ్లేటప్పుడు ఒక సెట్టు ముందే కత్తిరించి, పాత కవర్లతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. అది ఉందన్న ధైర్యంతోనే నాన్న మళ్లీ నలుగురిలోకి వెళ్లగలిగారు.

"ఇలియోస్టమీ నుంచి నీళ్లలా పోతోంది. ఎంతవరకు మామూలు?"

కొలవండి. అంచనాగా చెప్పొద్దు, ఒక కొలత జగ్గు దీనికే పెట్టుకోండి. రోజుకి లీటరున్నర దాటుతోందంటే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. పెద్దపేగు నీటిని, ఉప్పును పీల్చుకునే పని ఇక్కడ జరగదు. అందుకే రెండు మూడు రోజుల్లోనే నీరసం, కళ్లు తిరగడం, మూత్రం తగ్గడం మొదలై కిడ్నీల దాకా వస్తుంది. దాహం వేస్తోందని వట్టి నీళ్లే ఎక్కువ తాగితే ఇంకా ఎక్కువ పోతుంది. ఓఆర్‌ఎస్ తాగించాలి.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. నాలుగైదు గంటలుగా ఏమీ రాకుండా, పొట్ట మెలిపెట్టే నొప్పి, వాంతులు ఉంటే పేగు అడ్డుపడి ఉండొచ్చు, హాస్పిటల్‌కి వెళ్లండి. మొదటి వారాల్లో తొక్కలు, గింజలు, మొక్కజొన్న, పుట్టగొడుగులు లాంటివి తగ్గించి, ఏది తిన్నా బాగా నమలాలి. మింగిన మాత్రలు అలాగే బ్యాగ్‌లో కనిపిస్తే ఆ సంగతి చెప్పండి, మందు ఒంటికి పట్టడం లేదన్నమాట.

"స్టోమా మూసేశారు, సంతోషించాం. ఇప్పుడు రోజుకి పదిహేనుసార్లు బాత్రూమ్‌కి పరుగు. ఆపరేషన్ ఫెయిలయిందా?"

ఫెయిలవలేదు. ఈ దశ గురించి ఎవరూ ముందు చెప్పరు, అదే నాకు బాధ. రెక్టమ్ మలాన్ని కాసేపు ఆపి ఉంచే సంచి లాంటిది. దాన్ని తీసేస్తే ఆ చోటు పోతుంది. వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం, గ్యాసో మోషనో తెలియకపోవడం, ఆపుకోలేకపోవడం, రాత్రిళ్లు లేవడం, ఇవన్నీ కలిపి దీనికి లార్స్ అని ఒక పేరే ఉంది. చాలామందికి ఏడాది నుంచి రెండేళ్లలో మెల్లగా మెరుగవుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది.

ఊరికే ఓర్చుకోవాల్సిన పని లేదు. మోషన్లు తగ్గించే లోపరమైడ్ మాత్ర డాక్టర్ చెప్పిన మోతాదులో భోజనానికి ముందు వేసుకోవచ్చు. ఫిజియోథెరపిస్ట్ దగ్గర కటి కండరాల వ్యాయామాలు నేర్చుకోవచ్చు. వాటికీ తగ్గకపోతే గొట్టం ద్వారా నీళ్లతో పేగును శుభ్రం చేసుకునే పద్ధతి ఉంది. చర్మం ఒరుసుకుపోకుండా పేపర్‌తో తుడవడం మాని నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టి, జింక్ ఉన్న క్రీము రాయండి. నాన్న మూడు నెలలు గడప దాటలేదు. ఎన్నిసార్లు వెళ్తున్నారో, ఏం తిన్నాక వెళ్తున్నారో రెండు వారాలు రాసి చూపిస్తే డాక్టర్ మందు వేళలు మార్చారు. ఆ మార్పుతోనే సగం తగ్గింది.

## కీమో నడుస్తున్నప్పుడు

"జ్వరం వచ్చింది. పారాసిటమాల్ వేసి పొద్దున దాకా చూద్దామా?"

వద్దు. కీమోలో ఉన్న మనిషికి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే అది ఎమర్జెన్సీ, రాత్రి రెండింటికైనా సరే. తెల్ల రక్తకణాలు సాధారణంగా కీమో ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య బాగా తగ్గుతాయి. ఆ సమయంలో ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తేగలదు. మాత్ర వేస్తే జ్వరం దిగి అసలు సంగతి కనపడకుండా పోతుంది. చలితో వణుకుతూ జ్వరం లేకపోయినా వెళ్లండి. అక్కడికి వెళ్లగానే మొదటి వాక్యంగా "కీమోలో ఉన్నారు" అని చెప్పండి. వరుసలో కూర్చోబెడితే మళ్లీ గట్టిగా చెప్పండి.

"చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసింది, ఊపిరాడలేదన్నారు. చాలా భయపడ్డాం."

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఇచ్చిన తర్వాత కొన్ని రోజులు ఇలా అవుతుంది. ఆ మందు నరాలను చలికి అతి సున్నితంగా చేస్తుంది. గొంతు మూసుకుపోయినట్టు అనిపిస్తుంది గానీ మూసుకుపోదు. గోరువెచ్చగా ఏదైనా గుక్క గుక్కగా తాగిస్తే తగ్గుతుంది. ముఖం వాచినా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా అది ఎలర్జీ కావచ్చు, అప్పుడు మాత్రం వెంటనే వెళ్లాలి. రెండో సైకిల్ (కీమో విడత) తర్వాత నాన్న ఫ్రిజ్ తలుపు తీసి సీసా పట్టుకోగానే వేళ్లలో కరెంటు కొట్టినట్టయి వదిలేశారు. ఆ రోజు నుంచి ఫ్రిజ్ హ్యాండిల్‌కి ఒక ఊలు గ్లవ్ వేలాడదీశాం.

"వేళ్లలో తిమ్మిర్లు. కీమో అయిపోతే పోతాయిగా?"

చలికి వచ్చేవి పోతాయి. కానీ సైకిల్స్ పెరిగేకొద్దీ ఎప్పుడూ ఉండే తిమ్మిరి ఒకటి మొదలవుతుంది. అది మందు ఆపాక కూడా కొన్ని నెలలు పెరిగి ఆ తర్వాత తగ్గుతుంది. కొందరికి పాదాల్లో ఉండిపోతుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారా, చెప్పు కాలి నుంచి జారినా తెలియడం లేదా, ఈ రెండూ గమనించి తర్వాతి సైకిల్‌కి ముందే చెప్పండి. మోతాదు తగ్గిస్తారు, లేదా ఆ ఒక్క మందు ఆపి మిగతావి కొనసాగిస్తారు. చెబితే కీమో ఆపేస్తారేమోనన్న టెన్షన్‌తో నోరు విప్పనివాళ్లను చాలామందిని చూశాను. స్టేజ్ 3లో ముప్పు తక్కువగా ఉన్న కొందరికి ఆరు నెలల బదులు మూడు నెలలే సరిపోతుందని కూడా పెద్ద అధ్యయనాల్లో తేలింది. మీకది వర్తిస్తుందా అని అడగండి.

"ఇంజెక్షన్ కాదు, మాత్రలే. అంటే తేలిక కీమోయేగా?"

మాత్ర అన్న మాట విని మోసపోవద్దు. కేపసిటాబిన్ పూర్తి స్థాయి కీమో. సాధారణంగా 14 రోజులు రోజుకి రెండుసార్లు, తర్వాత 7 రోజులు విరామం. తిన్న అరగంట లోపు వేసుకోవాలి. ఒక పూట మర్చిపోతే మరుసటి పూట రెండింతలు వేసుకోకూడదు. అరచేతులు, పాదాలు ఎర్రబడి మంట పుట్టి చర్మం ఊడుతుంది. మొదటి రోజు నుంచే మాయిశ్చరైజర్ రాయండి, వేడినీళ్లు, బిగుతు చెప్పులు మానండి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతుంటే ముందే చెప్పాలి. ఛాతీ నొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి.

ఇంకో సంగతి. 5-ఎఫ్‌యూ (నరంలోకి ఎక్కించే కీమో), కేపసిటాబిన్ మందులను ఒంట్లో విరగ్గొట్టే డీపీడీ అనే ఎంజైమ్ కొద్దిమందిలో తక్కువగా ఉంటుంది. వాళ్లకి మామూలు మోతాదే విషమవుతుంది. మొదటి సైకిల్‌కి ముందే పరీక్ష చేయాలని యూరప్ మందుల సంస్థ 2020లో సిఫారసు చేసింది. మీ డాక్టర్‌ని అడగండి. మొదటి కొన్ని రోజుల్లోనే నోరంతా పుండ్లు, ఆగని విరేచనాలు వస్తే ఆ మాత్ర ఆపి ఆ రోజే చూపించాలి.

"ఎన్నిసార్లు విరేచనాలైతే ఫోన్ చేయాలి?"

మామూలుగా అయ్యేదానికంటే రోజుకి నాలుగు సార్లు ఎక్కువైనా, రాత్రి నిద్రలేపినా, రక్తం కనపడినా, తోడుగా జ్వరం ఉన్నా. ఐరినోటికాన్ అనే కీమో మందు తీసుకునేవాళ్లు లోపరమైడ్ ఇంట్లో ముందే తెచ్చి పెట్టుకుని, ఎప్పుడు ఎన్ని వేసుకోవాలో కాగితం మీద రాయించుకోండి.

"చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందట. ఏం పెట్టాలి?"

చక్కెర మానేస్తే గడ్డ ఆకలితో చస్తుందన్నది నిజం కాదు. ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజ్ వాడుకుంటుంది. పథ్యం పేరుతో అన్నీ మాన్పించి మనిషి బరువు తగ్గిపోతే కీమో వాయిదా పడుతుంది, అసలు నష్టం అదే. కొంచెం కొంచెంగా ఆరేడుసార్లు పెట్టండి, ప్రొటీన్ ఉండేలా చూడండి. ప్రతి వారం ఒకే రోజు బరువు చూసి రాయండి. ఎవరో ఇచ్చిన పొడులు, కషాయాలు వాడుతుంటే దాచకుండా చెప్పండి. కొన్ని కీమో మందు పనిని చెడగొడతాయి, కొన్ని లివర్ మీద భారం పెడతాయి.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఒకటే బాత్రూమ్. వాళ్లకేమైనా అవుతుందా?"

క్యాన్సర్ అంటుకోదు. ముద్దు పెట్టుకోవచ్చు, ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు. కీమో తర్వాత 48 గంటలు మాత్రం మూత్రం, మలం, వాంతిలో మందు కొంత బయటికి వస్తుంది. ఆ రెండు రోజులు మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి, బ్యాగ్ ఖాళీ చేసేవాళ్లు గ్లవ్స్ వేసుకోండి, మరకలైన బట్టలు విడిగా ఉతకండి. గర్భిణులు ఆ పనులు చేయకపోవడం మంచిది.

## చూసుకునేవాళ్ల కోసం

"ఆయన మీద అరిచేశాను. జబ్బు మనిషి మీద కోపం తెచ్చుకున్నానని తలచుకుంటే సిగ్గేస్తోంది."

నేనూ అరిచాను. తెల్లవారుజామున నాలుగింటికి, మూడోసారి దుప్పటి మారుస్తూ. ఆయన ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. పొద్దున్నే వెళ్లి "నాకు నిద్ర చాలడం లేదు నాన్నా, నీ మీద కోపం కాదు" అన్నాను. "నాకూ చాలడం లేదు" అన్నారు. ఆ రోజే చెల్లెలికి ఫోన్ చేసి వారానికి రెండు రాత్రులు నువ్వు రావాలని అడిగాను. అంతకుముందు అడగకపోవడమే నా తప్పు.

ఎవరైనా "ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే ఒక పని పేరు చెప్పండి: మంగళవారం స్కాన్‌కి తీసుకెళ్లడం, పిల్లల్ని స్కూల్ నుంచి తేవడం. పేరు పెట్టి చెబితే మనుషులు నిజంగానే చేస్తారు. రెండు వారాలు దాటినా మీకు నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే, మీకోసం మీరు డాక్టర్‌ని కలవాలి.

"ఎంత బతిమాలినా తినడం లేదు. ఏం చేయను?"

బతిమాలడం ఆపండి. నోట్లో రుచి ఇనుములా ఉందేమో, పుండ్లున్నాయేమో, మోషన్ భయంతో తినడం లేదేమో అడగండి. ఒక్కోదానికి ఒక్కో మందు ఉంది. చిన్న గిన్నెలో పెట్టి అందేచోట ఉంచి పక్కకి వెళ్లిపోండి. రోజంతా నీళ్లు కూడా దిగకపోతే హాస్పిటల్‌కి ఫోన్ చేయండి.

"పిల్లలకి ఏమని చెప్పాలి?"

జబ్బు పేరుతోనే చెప్పండి. చిన్నవాళ్లకి మూడు మాటలు చాలు: ఇది నీవల్ల రాలేదు, నీకు అంటుకోదు, నిన్ను చూసుకోవడానికి మేమున్నాం.

"భార్యాభర్తల సంబంధం గురించి ఎవర్ని అడగాలో తెలియడం లేదు."

సర్జన్‌నే అడగండి. రెక్టమ్ ఆపరేషన్, రేడియేషన్ ఆ భాగపు నరాలను దెబ్బతీయగలవు. మగవాళ్లకి అంగస్తంభన తగ్గడం, ఆడవాళ్లకి యోని పొడిబారి నొప్పి రావడం చాలామందిలో ఉంటుంది. మాత్రలు, లూబ్రికెంట్లు, యోని బిగుసుకుపోకుండా మెల్లగా సాగదీసే డైలేటర్లు ఉన్నాయి. మొదలుపెట్టడం ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. బ్యాగ్ ఉంటే ముందే ఖాళీ చేసి, పైన మెత్తటి పట్టీ కట్టుకోవచ్చు. కలయిక వల్ల స్టోమాకి ఏమీ కాదు.

## వైద్యం పూర్తయ్యాక

"సీఈఏ 4 నుంచి 5.6 అయింది. తిరగబెట్టిందా?"

సీఈఏ అనేది ఈ క్యాన్సర్ జాడ కోసం చూసే రక్తపరీక్ష. ఒక్క సంఖ్యతో తేలదు. సాధారణంగా 5 లోపు మామూలు అంటారు గానీ, పొగతాగేవాళ్లలో, లివర్ సమస్యలున్నప్పుడు కొద్దిగా పెరగొచ్చు. వరుసగా పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. అందుకే మళ్లీ చేయించి, అవసరమైతే స్కాన్ తీస్తారు. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి. నాన్నది అలాగే 5.6కి వెళ్లి, ఆరు వారాల తర్వాత 4.3కి దిగింది. ఆ ఆరు వారాలు ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు.

"ఎన్నాళ్లు పరీక్షలకు తిరగాలి?"

సాధారణంగా ఐదేళ్లు. మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ, తర్వాత ఆరు నెలలకోసారి. సీటీ స్కాన్ ఆరు నెలలకో ఏడాదికో. కొలనోస్కోపీ ఆపరేషన్ అయిన ఏడాదికి, అది బాగుంటే మూడేళ్లకి, ఆపైన ఐదేళ్లకోసారి. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి. బాగానే ఉన్నాం కదా అని మానొద్దు. త్వరగా కనిపెడితే మళ్లీ ఆపరేషన్‌కి వీలుంటుంది.

"నడక, వ్యాయామం వల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక ఊరికే చెబుతారా?"

నిజంగా ఉంది. కోలన్ క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2025లో వచ్చాయి. మూడేళ్లపాటు శిక్షకుల సాయంతో క్రమంగా వ్యాయామం చేసినవాళ్లలో ఎనిమిదేళ్ల తర్వాత నూటికి 90 మంది బతికున్నారు. ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే ఇచ్చినవాళ్లలో 83 మంది. చాలామంది ఎంచుకున్నది వేగంగా నడవడమే. నాన్న మొదటి వారం వీధి చివరి దాకా వెళ్లి వచ్చి మంచం మీద వాలిపోయేవారు. అక్కడి నుంచే మొదలుపెట్టాలి. స్టోమా ఉన్నవాళ్లు మాత్రం బరువులెత్తే ముందు అడగండి, హెర్నియా వచ్చే అవకాశం ఉంది.

"నా పిల్లలకి, తమ్ముళ్లకి వస్తుందా?"

ఎక్కువమందిలో ఇది వంశపారంపర్యం కాదు. అయినా తోబుట్టువులు, పిల్లలు 40 ఏళ్లకి, లేదా ఇంట్లో జబ్బు బయటపడిన వయసుకి పదేళ్లు ముందే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. లించ్ సిండ్రోమ్ అనే జన్యులోపం ఉన్నట్టు తేలితే అది ఒక్కో బిడ్డకీ సగానికి సగం అవకాశంతో వస్తుంది. వాళ్లకి పరీక్షలు ఇంకా చిన్న వయసులో, తరచుగా చేయాలి. పరీక్షలో దొరికిన పాలిప్‌ను అప్పుడే తీసేస్తారు కాబట్టి జబ్బు రాకుండానే ఆపొచ్చు.

## స్టేజ్ 4లో, లేదా తిరిగి వచ్చినప్పుడు

"లివర్‌లో మచ్చలున్నాయన్నారు. ఇంక ఆపరేషన్‌కి కూడా దారి లేదా?"

ఉండొచ్చు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఉన్న ప్రత్యేకత ఇది: లివర్‌కి పాకినా మచ్చలు పరిమితంగా ఉంటే కోసి తీసేయొచ్చు, మిగిలిన లివర్ మళ్లీ పెరుగుతుంది. అలా చేయించుకున్నవాళ్లలో కొందరికి పూర్తిగా నయమవుతుంది. ఇప్పుడు వీలు కాదన్నవాటిని కీమోతో తగ్గించాక తీయగలిగిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే "లివర్ సర్జన్ ఈ స్కాన్ చూశారా?" అని తప్పకుండా అడగండి.

"మార్ఫిన్ రాశారు. అలవాటైపోతుందని నాన్న వేసుకోనంటున్నారు."

క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పినట్టు వాడితే వ్యసనంగా మారడం అరుదు. నొప్పి వచ్చాక కాకుండా వేళకి వేసుకుంటే తక్కువ మోతాదే సరిపోతుంది. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది, దానికి మందు మొదటి రోజు నుంచే అడగండి. పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోవడం లేదంటే అది మలబద్ధకం కాకపోవచ్చు, పేగు అడ్డుపడి ఉండొచ్చు. మోషన్ అవడానికి మందు వేయకుండా హాస్పిటల్‌కి వెళ్లండి.

"పాలియేటివ్ డాక్టర్‌ని కలవమన్నారు. చేతులెత్తేశారా?"

లేదు. నొప్పి, వాంతులు, నిద్ర, భయం, వీటిని చూసే డాక్టర్లు వాళ్లు. కీమో నడుస్తుండగానే కలవొచ్చు. త్వరగా కలిస్తే మంచిది.

"ఇక కీమో వద్దంటున్నారు అమ్మ. ఒప్పుకుంటే వదిలేసినట్టవుతుందేమో."

ముందు ఎందుకు వద్దంటున్నారో కనుక్కోండి. వాంతులకో, నీరసానికో భయపడి అయితే వాటికి మందులున్నాయి, మోతాదు తగ్గించొచ్చు, విరామం ఇవ్వొచ్చు. అవన్నీ విన్నాక కూడా వద్దంటే, డాక్టర్‌ని ఆవిడ ముందే రెండు ప్రశ్నలు అడగండి: ఈ కీమో వల్ల ఎంత కాలం కలిసొస్తుందని అనుకుంటున్నారు, అందులో ఎన్ని రోజులు హాస్పిటల్‌లో గడుస్తాయి? ఆ జవాబు విన్నాక ఆవిడ చెప్పేదే నిర్ణయం. కీమో ఆపినా వైద్యం ఆగదు. నొప్పికి, వాంతులకు, ఆయాసానికి మందులు సాగుతాయి. రాత్రివేళ నొప్పి పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు ముందే తీసుకుని మంచం పక్కన గోడకి అతికించి పెట్టండి. ఎక్కడ ఉండాలనుంది, ఎవర్ని చూడాలనుంది అని అమ్మనే అడగండి.